నేరచరిత్రకు డాక్టరు పూత

శిక్ష ముగిసిన లైంగిక నేరస్తుడు జైలు గేటు దాటినప్పుడల్లా మన దగ్గర ఒకే ప్రశ్న లేస్తుంది: మళ్లీ చేస్తాడేమోనన్న భయం ఉండగా ఎలా వదిలేస్తారు? 2015 డిసెంబరులో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఢిల్లీ నిర్భయ కేసులో నేరం నాటికి పద్దెనిమిదేళ్లు నిండని దోషి మూడేళ్ల గడువు పూర్తిచేసుకుని బయటికొస్తుంటే, అతను మారాడని తేలేదాకా ఆపమని ఢిల్లీ మహిళా కమిషన్ అడిగింది. మీ ఆందోళన మాకూ ఉంది, ఆపడానికి చట్టం మాత్రం లేదంటూ ఆ నెల 21న ధర్మాసనం పిటిషన్ కొట్టేసింది. మర్నాడే రాజ్యసభ కొత్త బాలల న్యాయ చట్టానికి ఆమోదం తెలిపింది. అది పదహారు నిండినవారిని పెద్దల కోర్టుకు పంపే దారి చూపిందే తప్ప, శిక్ష పూర్తయినవాణ్ని ఏంచేయాలన్నది అలాగే మిగిలిపోయింది. 2019లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్య తర్వాత, 2022లో గుజరాత్‌లో పదకొండుమంది దోషుల ముందస్తు విడుదల తర్వాత అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. ఇక ముందూ వస్తూనే ఉంటుంది. టీవీ చర్చల్లో దానికి దొరికే తొలి జవాబు "వాడు సైకో, మామూలు మనిషి కాదు" అన్నది. ఈ మాటను డాక్టరు సంతకంతో చట్టంలోకి ఎక్కించిన దేశాలు కొన్ని ఉన్నాయి. ఆ దారి మనకు పనికొస్తుందా అన్నది తేల్చాలంటే ముందు ఆ సంతకం కింద ఏముందో చూడాలి.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 1990లో మొదలుపెట్టింది. కాన్సాస్ 1994లో అందుకుంది. ఇప్పుడు ఇరవై రాష్ట్రాల్లో, 2006 నుంచి ఫెడరల్ ప్రభుత్వంలో ఈ పద్ధతి ఉంది. జైలుశిక్ష అయిపోయిన లైంగిక నేరస్తుణ్ని ఇంటికి పంపకుండా సివిల్ కోర్టులో కొత్త పిటిషన్ వేస్తారు. ఇతనికి మానసిక అపసవ్యత గానీ వ్యక్తిత్వ లోపం గానీ ఉంది, దానివల్ల మళ్లీ లైంగిక హింసకు దిగే అవకాశం ఎక్కువ అని నిరూపిస్తే ‘చికిత్సా కేంద్రం’ పేరుతో కట్టిన మరో ప్రహరీలోకి పంపుతారు. ఎన్నాళ్లకన్నదానికి గడువు లేదు. ఇది శిక్ష కాదు, చికిత్స అని చట్టం చెబుతుంది కాబట్టి ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించకూడదన్న రాజ్యాంగ రక్షణ ఇక్కడ అడ్డురాదు. 1997లో హెండ్రిక్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని ఒక్క ఓటు తేడాతో సమర్థించింది. మినెసొటాలో ఈ కేంద్రాల్లో ఏడువందలకు పైగా మనుషులున్నారు. ఆ కార్యక్రమం మొదలైన తొలి రెండు దశాబ్దాల్లో షరతులేవీ లేకుండా పూర్తిగా విడుదలైనవారు దాదాపు లేరు. అది రాజ్యాంగ విరుద్ధమని 2015లో ఒక ఫెడరల్ జడ్జి తీర్పిస్తే, 2017లో పైకోర్టు తిప్పికొట్టింది.

చిన్నపిల్లల పట్ల లైంగిక ఆకర్షణ వంటి స్పష్టమైన నిర్ధారణ ఉన్నవారి విషయంలో వాదం కొంత నిలబడుతుంది. చిక్కంతా అలాంటిదేమీ కనిపించని నేరస్తుల దగ్గర వచ్చింది. మహిళలపై అత్యాచారం చేసినవారిలో చాలామందికి లైంగిక రుగ్మత అనదగ్గది మానసిక వైద్యుల పుస్తకంలో లేదు. అత్యాచార ప్రవృత్తినే ఒక రుగ్మతగా చేర్చాలన్న ప్రతిపాదనను అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వచ్చిన ఆ పుస్తకపు అయిదో కూర్పు డీఎస్ఎం-5లో ఒప్పుకోలేదు. అలాంటి పేరేదీ లేని చోట ప్రాసిక్యూటర్లకు దొరికింది యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్, సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ లోపం. ఆ పేరు మీదే ముప్పై ఏళ్లుగా అమెరికా కోర్టులు కొట్లాడుకుంటున్నాయి.

ఆ నిర్ధారణ ఎలా చేస్తారు? పద్దెనిమిదేళ్లు నిండాలి. పదిహేనుకు ముందే తీవ్రమైన దుష్‌ప్రవర్తన జాడ ఉండాలి. పదిహేను తర్వాత ఏడు లక్షణాల్లో కనీసం మూడు కనిపించాలి: పదేపదే చట్టం మీరడం, అబద్ధాలు మోసాలు, ముందుచూపు లేని దుడుకుతనం, కొట్లాటలు, తనకూ ఎదుటివారికీ ప్రమాదమైన నిర్లక్ష్యం, ఉద్యోగం అప్పులు పట్టించుకోకపోవడం, పశ్చాత్తాపం లేకపోవడం. బందరు చిలకలపూడి స్టేషన్ పరిసరాల్లో పెరిగిన ఒక కుర్రాణ్ని ఊహించుకోండి. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. ఇంట్లోంచి రెండుసార్లు పారిపోయాడు, పక్కింటి సైకిల్ ఎత్తుకెళ్లి అమ్ముకున్నాడు. కవరింగ్ నగల పనిలో చేరి మూడు నెలలకో షాపు మారాడు. సెల్‌ఫోన్ల దొంగతనంలో ఒకసారి, తాగి కొట్లాటలో ఒకసారి కేసు పడింది. పోలీసులకు తప్పుడు పేరు చెప్పాడు. డాక్టరు ఈ పట్టిక ముందు పెట్టుకుంటే మూడు కాదు, అయిదు గళ్లలో టిక్కులు పడతాయి. వీటిలో లైంగికమైనది ఒక్కటీ లేదు. ఇప్పుడు వీడి మీద అత్యాచారం కేసు రుజువైందనుకుందాం. పట్టికలో కొత్త గడి తెరుచుకోదు, మొదటి గడిలో ఇంకో టిక్కు పడుతుంది, అంతే. కేసు అప్పీలులో ఉండి ‘నేను చేయలేదు’ అంటూనే ఉంటే, పశ్చాత్తాపం లేదన్న గడి కూడా నిండుతుంది. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగ తళతళ అంతా పైపూతదే, గీరితే రాగి. ఈ నిర్ధారణలో గీరితే కనిపించేది పోలీసు రికార్డు. నేరాలు ఎందుకు చేశాడంటే వ్యక్తిత్వ లోపం వల్ల అంటారు. లోపం ఉందని ఎలా తెలిసిందంటే నేరాలు చేశాడు కాబట్టి అంటారు.

అమెరికా సుప్రీంకోర్టుకు ఇది తెలియక కాదు. 1992లో ఫౌచా కేసులో, మతిస్థిమితం లేదని శిక్ష తప్పి ఆసుపత్రికి వెళ్లి తర్వాత కోలుకున్న వ్యక్తిని కేవలం సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం పేరుతో ఆపి ఉంచకూడదంది. పదేళ్లకు క్రేన్ కేసులో మరింత సూటిగా మాట్లాడింది. జైళ్లలోని మగ ఖైదీల్లో 40 నుంచి 60 శాతం మందికి ఈ నిర్ధారణ సరిపోతుందని ఒక అధ్యయనాన్ని ఉటంకించి, ప్రమాదకరమైన లైంగిక నేరస్తుణ్ని మామూలు పాత నేరస్తుడి నుంచి వేరుచేసి చూపాలని, తనను తాను అదుపు చేసుకోలేని తీవ్రత రుజువు కావాలని చెప్పింది. ఎంత తీవ్రత, ఎలా కొలవాలి అన్నది మాత్రం కింది కోర్టులకే వదిలేసింది. దాంతో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారిగానే మిగిలింది. విస్కాన్సిన్‌లో ఈ నిర్ధారణ ఒక్కటే సరిపోతుందన్నారు. వాషింగ్టన్ చట్టంలో ‘వ్యక్తిత్వ లోపం’ అన్న మాటే నేరుగా ఉంది. న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2014లో డొనాల్డ్ డీడీ అన్న మారుపేరుతో నడిచిన కేసులో అడ్డం తిరిగింది. ఈ లోపం నేరప్రవృత్తి ఉందని చెబుతుందే గానీ లైంగిక నేరాలకు ప్రత్యేకమైన మానసిక కారణాన్ని చూపదని, ఒక్క దీని మీదే మనిషిని బంధించలేమని తీర్పిచ్చింది. నాకు తెలిసినంతలో ఈ గొడవ మూలాన్ని అందరికన్నా సూటిగా పట్టుకున్న కోర్టు అదే.

ఎదుటి పక్షం వాదన బలహీనమైందేమీ కాదు, దాన్ని దాటవేయడం నిజాయతీ అనిపించుకోదు. లైంగిక నేరాలు మళ్లీ చేసేవారి లక్షణాలను గాలించిన పెద్ద అధ్యయనాలు రెండు అంశాలను పైన నిలబెట్టాయి: అసాధారణ లైంగిక ఆసక్తి, సంఘ వ్యతిరేక ధోరణి. అంటే ఈ నిర్ధారణకు జోస్యం చెప్పే శక్తి కొంత ఉంది. బాధితుల తరఫున పనిచేసేవారు అడిగేది కూడా న్యాయమైనదే. కారణం లైంగిక రుగ్మత అయితేనేం, కరడుగట్టిన నేరస్వభావం అయితేనేం, దాడికి గురయ్యే ఆడపిల్లకు ఏమిటి తేడా? అయితే అదే పరిశోధన చెప్పే రెండో మాట కూడా వినాలి. కెనడా పరిశోధకులు కార్ల్ హాన్సన్, మోనిక్ బ్యూసియేర్ 1998లో 61 అధ్యయనాలను, 23 వేలకు పైగా నేరస్తుల వివరాలను కలిపి చూస్తే, నాలుగైదేళ్లలో మళ్లీ లైంగిక నేరంలో పట్టుబడ్డవారు సగటున 13.4 శాతం. బయటపడని నేరాలున్నాయి కాబట్టి అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే. అయినా చికిత్స పొందనివారిలో 80 శాతం దాకా మళ్లీ చేస్తారని 2002లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కిన అంకె దరిదాపుల్లోకి రాదు. ఆ అంకె తీగ లాగితే 1986 నాటి ఒక పాపులర్ సైకాలజీ పత్రిక వ్యాసం దగ్గర తేలింది! గుంపు మీద పనిచేసే అంచనా ఫలానా మనిషి విషయంలో ఎంత నిజమవుతుందన్నది వేరే సంగతి. పైగా ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూస్తే ఒకే నిర్ధారణకు వస్తారా అని డీఎస్ఎం-5 క్షేత్ర పరీక్షల్లో కొలిచినప్పుడు, ఈ లోపానికి వచ్చిన ఏకీభావం 0.21. ఒకటి వస్తే పూర్తి ఏకీభావం, సున్నా వస్తే లాటరీ. నలభై వచ్చేసరికి చాలామందిలో ఈ దుడుకు తగ్గుతుందని ఆ పుస్తకమే చెబుతుంది. గడువులేని నిర్బంధానికి ఇది ఆధారమెలా అవుతుంది?

‘మళ్లీ చేస్తాడు’ అన్న వాక్యం లోపల ‘ఒకసారి చేశాడు’ అన్నది దాగి ఉంటుంది. మన ప్రాంతపు అనుభవం ఈ రెండో వాక్యం దగ్గరే మనల్ని హెచ్చరించాలి. 2014 జనవరి 5 తెల్లవారుజామున, క్రిస్మస్‌కు బందరు వచ్చి తిరిగి ఉద్యోగానికి వెళ్తున్న యువతి ఒకరు ముంబై లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో రైలు దిగి కనిపించకుండా పోయింది. 16న కంజూర్‌మార్గ్ దగ్గర హైవే పక్క పొదల్లో మృతదేహం దొరికింది. ఆమె పేరు రాయడానికి చట్టం ఒప్పుకోదు, రాయనక్కర్లేదు కూడా, బందరులో ఆ పేరు తెలియనివారు లేరు. రెండు నెలల తర్వాత ఒక వ్యక్తిని అరెస్టు చేశారు, అతను పాత నేరస్తుడని పోలీసులు చెప్పారు. 2015 అక్టోబరులో ముంబై ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది. 2018 డిసెంబరులో బొంబాయి హైకోర్టు ఖరారు చేసింది. ఉరి వేయడమంటే ఈ మనిషి బాగుపడే అవకాశం లేదని, సమాజానికి ముప్పుగానే ఉంటాడని తేల్చడం. 1980 నాటి బచన్ సింగ్ తీర్పు నుంచి చట్టం చెబుతున్నది అదే. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు ఆ వ్యక్తిని నిర్దోషిగా వదిలిపెట్టింది. ప్రాసిక్యూషన్ కథలో పెద్ద పెద్ద కంతలున్నాయంది. స్టేషన్ సీసీటీవీ దృశ్యాలకు సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద ఉండాల్సిన సర్టిఫికెట్ లేదంది. నేరాన్ని ఒప్పుకున్నాడంటూ చెప్పిన సాక్షిని నమ్మలేదు.

ఆ పదేళ్లలో ఎప్పుడైనా అతని ముందు ఏడు గళ్ల పట్టిక పెట్టి ఉంటే ఏం జరిగేది? పోలీసులు చెప్పిన పాత కేసులు ఒక గడి నింపేవి. తాను చేయలేదని మొదటినుంచీ అన్నాడు కాబట్టి పశ్చాత్తాపం గడి నిండేది. రుజువు కాని నేరమే రోగలక్షణంగా మారి, రోగనిర్ధారణ మళ్లీ నేరానికి బలం చేకూర్చేది. అంతకుముందు 2007 డిసెంబరు 27న విజయవాడ శివారు ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీఫార్మసీ విద్యార్థిని హత్య కేసులోనూ ఇదే కథ. నందిగామ ప్రాంతపు పేద యువకుణ్ని పట్టుకొచ్చి, ఆడపిల్లల హాస్టళ్లలో దూరడం అలవాటున్నవాడిగా పోలీసులు ప్రపంచానికి పరిచయం చేశారు. 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషిగా విడుదల చేసే నాటికి ఎనిమిదేళ్లు జైల్లో గడిచిపోయాయి. రెండు కేసుల్లోనూ కూతుళ్లను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఇప్పటికీ దోషి ఎవరో తెలియదు. ప్రమాదకరమైనవాణ్ని గుర్తుపట్టే శాస్త్రం గురించి మాట్లాడేముందు, చేసినవాణ్ని గుర్తుపట్టే పని ఇక్కడ ఎలా ఉందో చూడాలి.

అమెరికాలో దీనికి సరిజోడు ఒకటుంది. టెక్సస్‌లో జేమ్స్ గ్రిగ్సన్ అనే మానసిక వైద్యుడు మరణశిక్ష కేసుల్లో వరసగా సాక్ష్యం చెప్పేవాడు. నిందితుడు సోషియోపాత్, మళ్లీ చంపడం ఖాయం అనేవాడు. కొందరిని కళ్లారా చూడకుండానే అనేవాడు. డల్లాస్ పోలీసు హత్య కేసులో 1977లో ఒకతనికి ఉరిశిక్ష పడటానికి ఈ సాక్ష్యం తోడైంది. 1989లో అతణ్ని దోషిగా తేల్చిన తీర్పే రద్దయింది, అతను హత్య చేయలేదని తేలింది, తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మామూలుగా బతికి పోయాడు. 1983లో బేర్‌ఫుట్ కేసులో ఇలాంటి జోస్యాలు మూడింట రెండు తప్పుతాయని మానసిక వైద్యుల సంఘమే అమెరికా సుప్రీంకోర్టుకు చెప్పింది. తప్పుంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలుతుందిలే అని కోర్టు ఆ మాట పక్కనపెట్టింది. గ్రిగ్సన్‌ను ఆ సంఘం బహిష్కరించింది గానీ, అది 1995లో.

‘మన దేశంలో అలాంటి చట్టం లేదు కదా’ అనుకుంటే పొరపాటు. డాక్టరు లేని నమూనా మన దగ్గర 1986 నుంచే ఉంది. నిమ్మకూరు నుంచి వచ్చిన ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో చేసిన పీడీ చట్టం దొంగసారా వ్యాపారులు, బందిపోట్లు, గూండాలు, భూకబ్జాదారులను విచారణ లేకుండా ఏడాది దాకా లోపల ఉంచే అధికారం ఇచ్చింది. శరీరంపై దాడి నేరాలు అలవాటుగా చేసేవాడు గూండా నిర్వచనంలోకి వస్తాడు కాబట్టి, లైంగిక దాడులూ అందులో ఇముడుతాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ఆ జాబితాను నకిలీ విత్తనాల నుంచి సైబర్ నేరాల దాకా పెంచుకుంటూ పోయి, ‘లైంగిక నేరస్తులు’ అన్న వర్గాన్ని పేరు పెట్టి మరీ చేర్చింది. కలెక్టరో పోలీసు కమిషనరో సంతకం పెడితే చాలు. సలహా మండలి ముందు లాయరును పెట్టుకునే హక్కు లేదు. బెయిలు వచ్చిన మర్నాడే పీడీ ఉత్తర్వు చేతికివ్వడం మామూలైపోయింది. 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసులను గట్టిగా తప్పుపట్టింది. 2024 మార్చిలో మరో కేసులో సలహా మండళ్లు రబ్బరు స్టాంపులు కాకూడదంది. మామూలు చట్టంతో చేయాల్సిన పనికి అసాధారణ చట్టం వాడితే ఏమవుతుందో చూడటానికి మనం మినెసొటా దాకా వెళ్లనక్కర్లేదు.

ఇంకాస్త వెనక్కి వెళితే మనిషి స్వభావాన్నే నేరంగా రాసుకున్న చట్టం కృష్ణ దాటగానే కనిపిస్తుంది. 1911 నేరస్త తెగల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో స్టువార్టుపురంలో ఉంచారు. ఊరు వదిలి వెళ్లాలంటే అనుమతి చీటీ, రాత్రిళ్లు హాజరు పట్టీ. చట్టం రద్దయి ‘పుట్టు నేరస్తులు’ కాస్తా ‘అలవాటు నేరస్తులు’ అయ్యారు, పోలీసు రిజిస్టరు మాత్రం మారలేదు. జైలు మాన్యువళ్లలో ఈ మాట వెనక దాక్కున్న కులాన్ని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో బయటికి లాగి, ఆ నిర్వచనాలను కొట్టేసింది. బందరు హిందూ కాలేజీలో పాఠాలు చెప్పిన గోరా కొడుకు లవణం, జాషువా కుమార్తె హేమలతా లవణం 1970ల నుంచి స్టువార్టుపురంలో చేసిన పని ఈ ముద్రకు ఎదురు నడక. పునరావాసం, చదువు, పోలీసులతో మాట్లాడి కేసులు తేల్చుకోవడం వంటి మామూలు పనులతోనే అలవాటు నేరస్తులనిపించుకున్న కుటుంబాల పిల్లలు ఉద్యోగస్తులయ్యారు. ఏడు గళ్ల పట్టికను 1930లో స్టువార్టుపురంలో పంచి ఉంటే ఎన్ని టిక్కులు పడేవో ఊహించడం కష్టం కాదు. బడి మానడం, స్థిరమైన పని లేకపోవడం, పోలీసులకు తప్పుడు పేరు చెప్పడం పేదరికపు లక్షణాలు కూడా.

మన మానసిక ఆరోగ్య చట్టం ఈ విషయంలో తెలిసో తెలియకో మంచి గోడ కట్టింది. 2017 చట్టం ప్రకారం మానసిక అనారోగ్యం అంటే ఆలోచన, మనోస్థితి, గ్రహింపు, జ్ఞాపకం వంటివి బాగా దెబ్బతిని విచక్షణను, వాస్తవాన్ని గుర్తించే శక్తిని కుంగదీసే రుగ్మత. సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం ఒక్కటే ఆ కొలతకు అందదు. సమాజపు నైతిక విలువలకు భిన్నంగా నడుచుకున్నంత మాత్రాన అనారోగ్యం అని తేల్చకూడదని మూడో సెక్షన్ చెబుతుంది. అంగీకారం లేకుండా ఆసుపత్రిలో చేర్చినా మొదట 30 రోజులే. పొడిగించాలంటే సమీక్షా మండలి అనుమతి కావాలి. నిర్ధారణకు అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ వంటి ప్రమాణాలను తీసుకోమన్నారు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం అన్న విడి పేరునే తీసేసింది. వ్యక్తిత్వ లోపం ఎంత తీవ్రం, అందులో ఏ ధోరణి ఎక్కువ అని మాత్రమే చూడమంటోంది. ఇక శిక్ష తప్పించుకునే వైపు నుంచి చూస్తే, అదుపులేని కోరికలు గానీ సైకోపాత్ ప్రవర్తన గానీ మతిస్థిమితం లేదన్న మినహాయింపునకు పనికిరావని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. శిక్ష వేసేటప్పుడు పూర్తి ఆరోగ్యవంతుడు, వదిలేటప్పుడు రోగి అంటే ఎలా?

అయినా గోడకు తలుపులు పడుతున్నాయి. బాలల న్యాయ చట్టం 15వ సెక్షన్ కింద పదహారు దాటిన పిల్లవాడి మానసిక సామర్థ్యం చూసి పెద్దల కోర్టుకు పంపాలా అన్నది నిర్ణయిస్తారు. అది నిపుణులు చేయాల్సిన నాజూకైన పని అని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా ఎలా జరిగిందో అర్థం చేసుకోవచ్చు. అదే ఏడాది మే నెలలో మనోజ్ కేసు తీర్పు, ఉరిశిక్ష వేసేముందు నిందితుడి మానసిక నివేదికను రాజ్యం తెప్పించాలంది. నిందితుడికి మేలు చేద్దామన్నదే కోర్టు ఉద్దేశం. అతని బాల్యం, అనారోగ్యం, మారే అవకాశం కోర్టు చూడాలనే. కానీ ఆ నివేదికలో ‘సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం’ అన్న రెండు మాటలు పడితే, మేలు కోసం తెరిచిన తలుపులోంచి ఉరితాడు లోపలికి వస్తుంది. అలాంటి నివేదికను ఎదుర్కోవాలంటే నిందితుడి వైపు నుంచి మరో మానసిక వైద్యుడు కావాలి. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. బందరుకు ప్రభుత్వ వైద్య కళాశాలే 2023లో గానీ రాలేదు. దివిసీమలో కూలి చేసుకునేవాడికి న్యాయసేవా సంస్థ ఇచ్చే లాయరు, చార్జిషీటు కాపీ సంపాదించడానికే తిప్పలు పడతాడు. ఇక నేరమనస్తత్వ శాస్త్రంలో శిక్షణ పొందిన నిపుణుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడు?

యూరప్ అనుభవం కూడా నిలకడగా లేదు. జర్మనీలో శిక్ష తర్వాతి నిర్బంధం 1933 నవంబరులో నాజీల కాలపు చట్టం. యుద్ధం తర్వాతా ఉంచేశారు. 2009లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఇది పేరు మార్చుకున్న శిక్షేనంది. 2011లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం చట్టాన్ని మొత్తంగా మళ్లీ రాయించి, జైలుకు భిన్నమైన భవనాలు, నిజమైన చికిత్స తప్పనిసరి చేసింది. సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం ఒక్కటే నిజమైన మానసిక రుగ్మత అవుతుందా అని 2013లో యూరప్ కోర్టు మళ్లీ అనుమానం వ్యక్తం చేసింది. ఇంగ్లండ్‌ది మరీ చేదు పాఠం. ప్రమాదకరమైనవారి కోసమని 2005లో గడువులేని జైలుశిక్ష తెచ్చారు. కొన్ని వందల మందికే అనుకున్నది ఎనిమిది వేలు దాటింది. 2012లో రద్దు చేశారు, అప్పటికే పడినవాళ్లకు వర్తించలేదు. తెచ్చిన మంత్రి డేవిడ్ బ్లంకెట్టే తర్వాత తప్పయిందన్నారు. చికిత్స ఇచ్చి పంపుతాం కదా అన్నవాళ్లకు కూడా ఇంగ్లండే జవాబు. జైళ్లలో ఏళ్ల తరబడి నడిపిన లైంగిక నేరస్తుల చికిత్సా కార్యక్రమాన్ని 2017లో లెక్కగడితే, చికిత్స పొందినవారిలో 10 శాతం, పొందనివారిలో 8 శాతం మళ్లీ లైంగిక నేరం చేశారు. ఆ కార్యక్రమాన్ని ఆపేశారు.

అలాగని వదిలేయమని కాదు. శిక్ష పెంచే సాధనాలు మన చేతిలో ఇప్పటికే ఉన్నాయి, వాటి సంగతి మాట్లాడకుండా అమెరికా వైపు చూడటమే వింత. రెండోసారి అత్యాచారం రుజువైతే మరణించేదాకా జైలు, లేదా ఉరి అని 2013 సవరణ చెప్పింది. భారతీయ న్యాయ సంహిత 71వ సెక్షన్‌లో అది కొనసాగుతోంది. ఇరవై, పాతికేళ్లు విడుదల లేకుండా జీవితఖైదు వేసే అధికారం 2008 శ్రద్ధానంద తీర్పు నుంచి పైకోర్టులకు ఉంది. ప్రమాదకరుడన్న వాదన ఏదైనా ఉంటే అది శిక్ష ఖరారు చేసే రోజు, బహిరంగ కోర్టులో, రుజువైన నేరం మీద, అప్పీలు హక్కుతో జరగాలి. శిక్ష ముగిసే వారం ముందు డాక్టరు నివేదికతో కాదు. మనకు లేనిది విడుదల తర్వాతి పర్యవేక్షణ. 1958 ప్రొబేషన్ చట్టం జైలుకు బదులు పంపేవారి కోసం. జైలు నుంచి వచ్చినవారి వెంట నడిచే అధికారి ఎవరూ లేరు. ఉన్నదల్లా రౌడీ షీటు, ఆదివారం స్టేషన్‌లో సంతకం. 2018 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన లైంగిక నేరస్తుల డేటాబేస్‌లో అప్పటికే నాలుగు లక్షలకు పైగా పేర్లున్నాయి. అది దర్యాప్తు కోసం. మనిషి ఎక్కడ పనిచేస్తున్నాడు, తాగుడు మానాడా, బాధితురాలి వీధిలోకి వెళ్తున్నాడా అన్నది చూసేవారు లేరు. నేర గణాంకాల ప్రకారం 2021లో నమోదైన 31,677 అత్యాచారం కేసుల్లో 96 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవారే. తెలియని ‘సైకో’ కోసం కట్టే జైలుగది వీరిలో చాలామందికి చేరువలో కూడా ఉండదు. అదే సంవత్సరం విచారణ ముగిసిన కేసుల్లో శిక్ష పడినవి మూడింట ఒకటి కూడా లేవు. బందరు బాలికలకైనా గుడివాడ బాలికలకైనా మొదటి రక్షణ ఫోరెన్సిక్ నమూనా పాడవకుండా ల్యాబ్‌కు చేరడంలో, సీసీటీవీ ఫుటేజికి సర్టిఫికెట్ జతచేయడంలో ఉంది.

2019 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. 21 రోజుల్లో తీర్పు, నేరస్తుల రిజిస్టరు అందులో ఉన్నాయి. అది రాష్ట్రపతి సంతకం దాకా వెళ్లలేదు. ఇంకో సంచలన కేసు వచ్చినప్పుడు ఇంకో బిల్లు తయారవుతుంది, ఈసారి అందులో ‘మానసిక నిర్ధారణ’ అన్న క్లాజు ఉండే అవకాశం ఎక్కువ. ఆ క్లాజు రాసేవారు కనీసం ఈ మూడు ప్రశ్నలకు బిల్లులోనే జవాబు రాయాలి. నేరచరిత్ర తీసేస్తే నిర్ధారణలో ఇంకేం మిగులుతుంది? నిందితుడి తరఫు నిపుణుడి ఫీజు ఎవరు కడతారు? నిర్ధారణ కింద లోపల పెట్టిన వ్యక్తి మీది అసలు కేసు పదేళ్ల తర్వాత కొట్టేస్తే, అతణ్ని ఆ గదిలోంచి ఏ అధికారి, ఎన్ని రోజుల్లో బయటికి తేవాలి?